అమ్మానాన్నలతో కార్క్, కోవ్: రెండు రోజులు సరిపోతాయా?

తెనాలి_టు_డబ్లిన్ | శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను డబ్లిన్‌కి వచ్చి మూడేళ్ళయింది. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు, మొదటిసారి. డబ్లిన్ చూపించాక ఒక శని, ఆదివారం కార్క్ వైపు తీసుకెళ్దామని ఆలోచన. నాన్న రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. టైటానిక్ ఆఖరుగా ఆగిన ఊరు కార్క్ పక్కనే ఉందని ఎవరో చెప్పారట, అప్పట్నుంచీ ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. నాకు కారు లేదు.

ఆ ఊరికి వెళ్ళడం దండగా, పండగా చెప్పండి. ఇంకో సంగతి, దాని పేరు ఎలా పలకాలి? ఆఫీసులో "కోబ్" అంటే ఒకడు పావుగంట నవ్వాడు.

---

కార్క్‌వాసి | శుక్రవారం, రాత్రి 10:40

కోవ్. ఐరిష్‌లో బి పక్కన హెచ్ వస్తే "వ". నిజానికి అది ఇంగ్లీషు మాటే, ఓడలు నిలిచే చిన్న సముద్రపు వంపు అని అర్థం. 1849లో విక్టోరియా రాణి వచ్చి దిగిందని క్వీన్స్‌టౌన్ అని పేరు మార్చారు. స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో రాణిగారి పేరు తీసేసి, పాత పేరునే ఐరిష్ అక్షరాల్లో రాసుకున్నారు. టైటానిక్ కాగితాల్లో క్వీన్స్‌టౌన్ అని ఉండేది ఈ ఊరే.

కారు లేకపోవడం మీ అదృష్టం. డబ్లిన్ హ్యూస్టన్ నుంచి కార్క్ కెంట్ స్టేషన్‌కి రెండున్నర గంటలు, ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే టికెట్ చవక. కెంట్‌లో ప్లాట్‌ఫారం మొత్తం విల్లులా వంగి ఉంటుంది, నాన్నగారికి చూపించండి. అక్కణ్ణుంచి కోవ్‌కి లోకల్ రైలు, పాతిక నిమిషాలు. లీప్ కార్డు (బస్సులకీ రైళ్ళకీ వాడే కార్డు) పనిచేస్తుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. కాసేపయ్యాక రైలు నీళ్ళ పక్కనే పోతుంది, పోటు సమయమైతే పట్టాలు నీళ్ళలోనే ఉన్నాయా అనిపిస్తుంది.

---

బోటికూర | శుక్రవారం, రాత్రి 11:05

కోవ్ మంచిదే గానీ బ్రో, కార్క్ దాకా వచ్చి బ్లార్నీ కోట చూడకపోతే ఎట్ల? నగరం నుంచి ఎనిమిది కిలోమీటర్లు, 215 బస్సు దింపుతుంది. ఆ రాయికి ముద్దు పెడితే మాటకారితనం వస్తదంటారు. మా హన్మకొండోళ్ళకు అవసరం లేదు, తెనాలోళ్ళకు అసలే అవసరం లేదనుకోండి.

---

అత్తగారి_సూట్‌కేస్ | శుక్రవారం, రాత్రి 11:20

మోకాళ్ళ నొప్పి ఉన్నావిణ్ణి బ్లార్నీకా? ఆ రాయి కోట నెత్తిన ఉంది. వందకి పైగా మెట్లు, సన్నటి మెలికల దారి. పైకి పోయాక వెల్లకిలా పడుకుని, ఇనప చువ్వలు పట్టుకుని, తల కిందికి వంచి ముద్దు పెట్టాలి. మా అత్తగారు సగం మెట్ల దగ్గర ఆగిపోయారు. వెనక నలభై మంది క్యూ, దిగడానికి వీల్లేదు. ఆ రోజు నాకు పడ్డ అక్షింతలు నాకే తెలుసు. కింద తోట మాత్రం చాలా బాగుంటుంది. విషపు మొక్కలకని ప్రత్యేకంగా ఒక భాగం కూడా ఉంది. ఒక్క తోట కోసం అంత టికెట్ పెట్టాలా అన్నది మీ ఇష్టం.

---

బోటికూర | శుక్రవారం, రాత్రి 11:24

సరే అక్కా, ఓడిపోయిన.

---

చరిత్రపిచ్చి | శనివారం, ఉదయం 8:15

కోవ్ గురించి కొంచెం పెద్దగానే రాస్తాను. తిట్టుకోకండి.

అక్కడికి అందరూ టైటానిక్ కోసమే వెళ్తారు. 1912 ఏప్రిల్ 11న ఓడ వచ్చింది, కానీ రేవులోకి రాలేదు. హార్బర్ ముఖద్వారం దగ్గర, రోచెస్ పాయింట్ అవతల లంగరేసింది. ఊళ్ళో ఎక్కాల్సిన 123 మందిని చిన్న స్టీమర్లలో దాని దగ్గరికి తీసుకెళ్ళారు. అందులో 113 మంది మూడో తరగతి. మొత్తం మీద బతికింది 44 మంది. టైటానిక్ నడిపిన వైట్ స్టార్ లైన్ కంపెనీ టికెట్ ఆఫీసు భవనం ఇప్పటికీ ఉంది, అందులోనే ఇప్పుడు టైటానిక్ ఎక్స్‌పీరియన్స్ అనే మ్యూజియం నడుపుతున్నారు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక బోర్డింగ్ కార్డు ఇస్తారు. దాని మీద ఆ 123 మందిలో ఒకరి పేరుంటుంది. చివర్లో గోడ మీద వెతుక్కుంటే ఆ మనిషి బతికాడో లేదో తెలుస్తుంది. భవనం వెనక వాళ్ళు నడిచి వెళ్ళిన చెక్క వంతెన పాడుబడి, నీళ్ళలో నాలుగు గుంజలు మిగిలి ఉంది. నాకు మ్యూజియం మొత్తం ఒక ఎత్తు, ఆ గుంజలు ఒక ఎత్తు.

ఇంకో ముచ్చట. ఫాదర్ బ్రౌన్ అనే ఆయన సౌతాంప్టన్ దగ్గర ఎక్కి ఇక్కడ దిగిపోయాడు, కెమెరాతో సహా. అప్పటికింకా ఆయన ఫాదర్ కాలేదు, మత విద్యార్థి. ప్రయాణంలో ఉన్న టైటానిక్ లోపలి ఫోటోలు మనకు మిగిలాయంటే చాలావరకు ఆయన చలవే.

అయితే ఈ ఊరి అసలు కథ టైటానిక్ కాదు. 1845లో బంగాళాదుంపకి తెగులొచ్చి కరువు పడింది. 1848 నుంచి 1950 దాకా ఐర్లండ్ వదిలి వెళ్ళిన 60 లక్షల మందిలో 25 లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే పోయారు. స్టేషన్ భవనంలోనే ఉన్న హెరిటేజ్ సెంటర్‌లో అదంతా చూపిస్తారు. బయట ఆనీ మూర్ విగ్రహం ఉంటుంది, ఇద్దరు తమ్ముళ్ళతో. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్ళను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్ కేంద్రం తెరిచినప్పుడు మొట్టమొదట లోపలికి అడుగు పెట్టింది ఈ పిల్లే.

పల్లెల్లో అమెరికన్ వేక్ అని ఒక ఆచారం ఉండేది. వేక్ అంటే మనిషి పోయాక శవం దగ్గర రాత్రంతా కూర్చోవడం. అమెరికా వెళ్ళేవాళ్ళకి అది బతికుండగానే చేసేవారు. ఇంట్లో రాత్రంతా పాటలు, తాగుడు, ఏడుపు. తెల్లారితే పిల్లాణ్ణి రేవు దారి పట్టించేవారు. మళ్ళీ చూస్తామన్న ఆశ ఎవరికీ ఉండేది కాదు.

---

అత్తగారి_సూట్‌కేస్ | శనివారం, ఉదయం 9:02

శంషాబాద్ డిపార్చర్స్ దగ్గర మా ఇరవై రెండు మంది చుట్టాలు గుర్తొచ్చారు. తాగుడు తప్ప అన్నీ సేమ్.

---

కార్క్‌వాసి | శనివారం, ఉదయం 10:30

చరిత్రపిచ్చి గారు ఊరంతా చెప్పి కొండ సంగతి వదిలేశారు. కోవ్ అంటే ఏటవాలు. స్టేషన్, విగ్రహం, హెరిటేజ్ సెంటర్, టైటానిక్ భవనం, ఒడ్డున పార్కు, ఇవన్నీ కిందే, సమతలం. సెయింట్ కోల్మన్స్ చర్చి మాత్రం పైన. 1868లో మొదలుపెట్టిన కట్టడం పూర్తవడానికి యాభై ఏళ్ళు పట్టింది. టాక్సీలో పైకి వెళ్ళి మెల్లగా దిగండి. ఆదివారం పెట్టుకోండి. లోపల కారిలాన్ ఉంది, అంటే 49 చర్చి గంటలను కలిపి వాయించే వాద్యం, ఐర్లండ్‌లోకెల్లా పెద్దది. వేసవిలో ఆదివారం సాయంత్రాలు కచేరీ ఉంటుంది. గంటలు కొట్టే ఆయన కీబోర్డు ముందు కూర్చుని పిడికిళ్ళతో వాయిస్తాడు. కచేరీ మనకు కనిపించదు, వినిపిస్తుందంతే. పార్కులో బెంచీ మీద కూర్చున్నా చాలు.

వరసగా రంగురంగుల ఇళ్ళు, వెనక చర్చి, ఆ ఫోటో అందరూ చూసే ఉంటారు. ఆ ఇళ్ళను పేకముక్కలంటారు. కిందిది పడితే పైవన్నీ పడతాయని ఇక్కడి జోకు. ఎదురుగా చిన్న పార్కుంది, అక్కణ్ణుంచి తీసుకోండి. దయచేసి వాళ్ళ గోడలెక్కొద్దు, మనుషులు కాపురముంటున్న ఇళ్ళవి. పెద్ద క్రూయిజ్ ఓడ వచ్చే రోజేమో ముందు చూసుకోండి. ఊరు కట్టింది కొన్ని వేల మందికి, ఓడ దింపేది ఇంకో రెండు మూడు వేల మందిని.

---

నీలిసంద్రం | శనివారం, మధ్యాహ్నం 1:10

స్పైక్ ఐలండ్ ఎవరూ చెప్పలేదేం? కోవ్ కెనెడీ పియర్ నుంచి పడవ. 1847లో ఆ ద్వీపాన్ని ఖైదీలకు జైలు చేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1938 దాకా అది బ్రిటిష్ సైన్యం చేతుల్లోనే ఉంది. మళ్ళీ జైలుగా 2004 దాకా నడిచింది. నాకు కోవ్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

---

అత్తగారి_సూట్‌కేస్ | శనివారం, మధ్యాహ్నం 1:32

మంచిదే, కానీ పడవ, కొండ, కోట చుట్టూ నడక కలిపి మూడున్నర గంటలు. పెద్దవాళ్ళతో ఒకే రోజులో టైటానిక్, చర్చి, స్పైక్ మూడూ అంటే పరుగే. ఏదో ఒకటి వదలాలి. నేనైతే స్పైక్ వదిలేస్తాను. పిల్లలుంటే ఫోటా వైల్డ్‌లైఫ్ పార్కు అనేదాన్ని, దారిలో దానికి స్టేషనే ఉంది. పిల్లలు లేరు కాబట్టి అదీ వద్దు.

---

తెనాలి_టు_డబ్లిన్ | శనివారం, సాయంత్రం 6:45

చాలా థాంక్స్ అండీ. అయితే శనివారం కార్క్, ఆదివారం కోవ్. కార్క్‌లో ఏం చూపించాలి? గూగుల్ చేస్తే ఇంగ్లీష్ మార్కెట్ అని వస్తోంది. శాకాహారులకి అక్కడేముంది?

---

బోటికూర | శనివారం, సాయంత్రం 7:15

ఇది నా సబ్జెక్టు. ఇంగ్లీష్ మార్కెట్ 1788 నాటిది. పైన కప్పు, మధ్యలో ఫౌంటెన్, చుట్టూ మాంసం, చేపలు. 2011లో ఎలిజబెత్ రాణి వచ్చినప్పుడు చేపలమ్మే ఆయనతో నవ్వుతూ మాట్లాడిన ఫోటో పేపర్లన్నిటిలో వచ్చింది. ఆదివారం మూసేస్తారు, శనివారమే పోవాలె.

అక్కడ ట్రైప్ అండ్ డ్రిషీన్ అని పెడతారు. ఏందా అని చూస్తే మన బోటి, నల్ల! డ్రిషీన్ అంటే రక్తంతో చేసిన సాసేజ్. పేదోళ్ళ తిండి. గొడ్లను కోసి, ఉప్పు పట్టించి, పీపాల్లో ఓడలకెక్కించిన నగరం ఇది. మంచి మాంసం ఓడెక్కింది, పేగులు ఊరికి మిగిలినయి. కానీ అన్నా, వీళ్ళు బోటిని పాలల్లో ఉల్లిగడ్డలేసి ఉడకబెడతరు. పాలల్లో! నేను తిన్న. ఒక్కసారి చాలు.

మీ వాళ్ళకైతే అక్కడ ఆలివ్‌లు, చీజులు, రొట్టెలు ఉన్నాయి. ముక్కు మూసుకుని ఫౌంటెన్ దాకా వెళ్ళి రావచ్చు.

---

లెక్కల_మాస్టారు | శనివారం, రాత్రి 8:50

కార్క్ యూనివర్సిటీ ఆవరణ చూడమని ఎవరైనా చెబుతారేమోనని ఎదురు చూశాను. ప్రవేశం ఉచితం, నడక చదును. ఇవాళ మనందరికీ అన్నం పెడుతున్న కంప్యూటర్లలో ఒకటి, సున్నాల తర్కం జార్జ్ బూల్‌ది కదా. ఆయన 1849లో అక్కడ మొదటి గణిత ప్రొఫెసర్‌గా చేరాడు. 1864లో వానలో తడుస్తూ కాలేజీకి నడిచివెళ్ళి, తడిబట్టలతోనే పాఠం చెప్పి, జబ్బుపడి పోయాడు. కార్క్ వానని తక్కువ అంచనా వెయ్యొద్దని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ లేదు.

ఆయన భార్య మేరీ ఎవరెస్ట్. ఆ ఎవరెస్టే! శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ ఆమెకు పెదనాన్న. ఆ పెదనాన్న 1818లో హైదరాబాద్ వచ్చి, భారతదేశాన్ని కొలిచే సర్వేలో దాని అధికారి లాంబ్టన్ కింద చేరాడు. గూడ్స్ గార్డు గారికి ఈ కనెక్షన్ నచ్చుతుందనుకుంటాను.

పాత క్రైస్తవ మఠాల్లో ఉండేలాంటి నడవాలో ఓగమ్ రాళ్ళు కూడా చూడండి. రాయి అంచున గీతలు గీసి రాసిన తొలి ఐరిష్ లిపి.

---

కార్క్‌వాసి | శనివారం, రాత్రి 9:30

మాస్టారూ 👏

నా ఓటు షాండన్‌కి. సెయింట్ ఆన్స్ చర్చి, 1722. గోపురం రెండు వైపులు ఎర్రరాయి, రెండు వైపులు తెల్లరాయి. నాలుగు వైపులా గడియారాలు, నాలుగూ ఒకే టైము చూపించవు, అందుకే నాలుగు ముఖాల అబద్ధాలకోరు అంటారు. అసలు విషయం ఏమిటంటే అక్కడి ఎనిమిది గంటలను మనమే కొట్టొచ్చు. పైదాకా 132 మెట్లు కానీ, తాళ్ళుండేది మొదటి అంతస్తులోనే. అమ్మగారు అక్కడిదాకా ఎక్కితే చాలు. ఏ తాడు తర్వాత ఏ తాడు లాగాలో నంబర్లు రాసిన కాగితాలుంటాయి.

పక్కనే వెన్న మ్యూజియం. నవ్వకండి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద వెన్న మార్కెట్ ఇక్కడిదే. ఉప్పు దట్టించి పీపాల్లో వెస్టిండీస్ దాకా పంపేవారు. బురదనేలలో పాతిపెట్టిన వెయ్యేళ్ళ నాటి వెన్న కూడా పెట్టారు లోపల.

---

అత్తగారి_సూట్‌కేస్ | శనివారం, రాత్రి 9:41

వెయ్యేళ్ళ వెన్న చూసి మా అత్తగారు "కాచి ఉంటే నెయ్యి అయ్యేది కదా" అన్నారు.

---

వాన_గొడుగు | ఆదివారం, ఉదయం 11:00

గొడుగు తీసుకెళ్ళొద్దు (నా పేరు చూసి మోసపోకండి). గాలికి వెనక్కి తిరిగిపోతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు. హోటల్ బుక్ చేసేటప్పుడు అర్థరాత్రి చెకిన్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నేను వెళ్ళినప్పుడు రిసెప్షన్ మూసేసి, కోడ్ మెయిల్ చేశామన్నారు, మెయిల్ రాలేదు. రాత్రి ఒంటిగంటకు మా ఆవిడ, నేను, రెండు పెట్టెలు, సన్నటి వాన.

---

చరిత్రపిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 12:20

కార్క్ సిటీ హాల్ ముందు ఒక నిమిషం ఆగండి. 1920 డిసెంబరు 11 రాత్రి బ్రిటిష్ బలగాలు నగరం నడిబొడ్డుకి నిప్పు పెట్టినప్పుడు పాత హాల్ కాలిపోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. అంతకు నెలన్నర ముందే ఇక్కడి మేయర్ టెరెన్స్ మాక్‌స్వీనీ లండన్ బ్రిక్స్‌టన్ జైల్లో 74 రోజులు నిరాహార దీక్ష చేసి చనిపోయాడు. పొట్టి శ్రీరాములు గారి 58 రోజులు మనకు గుర్తే కాబట్టి, పెద్దవాళ్ళకి వివరించక్కర్లేదు.

---

బోటికూర | ఆదివారం, మధ్యాహ్నం 12:31

శ్రీరాములు గారి టాపిక్ ఎత్తితే ఇక్కడ రాష్ట్రాల చర్చ మొదలైతది, చూడండి.

---

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

మొదలవ్వదు. ఐర్లండ్ గురించే రాయండి.

---

నీలిసంద్రం | ఆదివారం, రాత్రి 9:05

కోవ్ ఒడ్డున నిలబడితే ఎదురుగా హాల్‌బౌలిన్ ద్వీపం కనిపిస్తుంది, ఐరిష్ నౌకాదళం స్థావరం. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క ఈ తీరం అవతలే సముద్రం మీద బాంబుతో పేలిపోయింది. 329 మంది. దొరికిన దేహాలను కార్క్ పెద్దాసుపత్రికి తెచ్చారు. నీళ్ళలోంచి వాళ్ళను వెలికితీసినవాటిలో ఆ నౌకాదళం ఓడ ఆష్లింగ్ కూడా ఉంది. స్మారకం పశ్చిమ కార్క్‌లో అహాకిస్టా అనే పల్లె దగ్గర, సముద్రం అంచున ఉంది. నీడగడియారం ఆకారం. ఏటా అదే రోజు అక్కడ కలుస్తారు. కారులో రెండు గంటల దాకా పడుతుంది, మీకు కుదరకపోవచ్చు. మేం వెళ్ళిన రోజు గోడ మీద ఎవరో తాజా బంతిపూలు పెట్టి వెళ్ళారు. ఆ పల్లెలో బంతిపూలు ఎక్కడ దొరికాయో!

---

తెనాలి_టు_డబ్లిన్ | నాలుగు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 11:15

వెళ్ళొచ్చాం. రిపోర్టు బాకీ ఉన్నాను కదా.

శనివారం పొద్దున మార్కెట్‌లోకి అమ్మ రానంది. బయట బెంచీ మీద కూర్చుంది. నాన్న మాత్రం లోపలికి వచ్చి ప్రతి చేపా చూశారు, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. యూనివర్సిటీలో బూల్ వాన కథ చెబితే "గొడుగు లేని ప్రొఫెసరేంట్రా" అన్నారు. అన్నట్టు మేం తీసుకెళ్ళిన గొడుగు పాట్రిక్ స్ట్రీట్‌లోనే విరిగింది. వాన_గొడుగు గారూ, మీ మాట విననందుకు సారీ.

షాండన్ గురించి చెప్పాలి. అమ్మ ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ తాళ్ళ గది దాకా ఎక్కింది. చెవులకి పెట్టుకోవడానికి హెడ్‌ఫోన్ల లాంటివి ఇచ్చారు. నంబర్ల కాగితం అమ్మ పక్కన పెట్టేసింది. ఒక్కో తాడూ లాగి, చెవి మీది డిప్ప కొంచెం ఎత్తి విని, "ఎనిమిది గంటలు. ఇది శంకరాభరణమే కదరా" అంది. చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతం, పెళ్ళయ్యాక వదిలేసింది. స నుంచి పై స దాకా వరసగా లాగింది. తర్వాత సరళీ స్వరాలు. ని దగ్గర ప్రతిసారీ తాడు తప్పింది. కింద ఊరంతా వినిపిస్తుందని గుర్తొచ్చి నాకు టెన్షన్, ఆవిడకేం లేదు. వెనక ఇద్దరు జర్మన్ అమ్మాయిలు తమ వంతు కోసం నిలబడి, అయిపోగానే చప్పట్లు కొట్టారు.

ఆదివారం కోవ్. కుడివైపు కిటికీ నాన్నది. గార్డు ఎక్కడ కూర్చుంటాడని అడిగారు, ఈ రైల్లో లేడంటే కాసేపు మాట్లాడలేదు. టైటానిక్ కార్డులో నాన్నకి వచ్చింది మూడో తరగతి కుర్రాడు. చివరి గోడ మీద ఆ పేరు వెతికి, కార్డు మడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు. బతికాడా అని అమ్మ అడిగితే "లేదు" అన్నారంతే.

పార్కులో బెంచీ మీద పులిహోర తిన్నాం. తిన్నాం అంటే సగం. మిగతా సగం సీగల్ ఎత్తుకుపోయింది, డబ్బా మూతతో సహా. సాయంత్రం కారిలాన్ మొదలయ్యేసరికి వాన. టిఫిన్ డబ్బా మీద రెయిన్‌కోటు కప్పి కూర్చుని విన్నాం.

ఆనీ మూర్ విగ్రహం దగ్గర అమ్మ నన్ను ఫోటో తియ్యనివ్వలేదు. "నువ్వెళ్ళిన రోజు ఎయిర్‌పోర్టులో నేనెలా ఉన్నానో నీకు తెలీదులే" అని ముందుకు నడిచింది.

---

చరిత్రపిచ్చి | మంగళవారం, ఉదయం 7:50

చదివాను. మళ్ళీ చదివాను.

---

బోటికూర | మంగళవారం, ఉదయం 8:10

డబ్బా మూత దొరికిందా?

---

తెనాలి_టు_డబ్లిన్ | మంగళవారం, ఉదయం 8:34

దొరకలేదు అన్నా. గంటలు మాత్రం నేను ఫోన్‌లో రికార్డు చేశాను, ని తప్పినవి కూడా. నాన్న దాన్నే రింగ్‌టోన్ పెట్టించుకున్నారు. ఇక తెనాలిలో పాలవాడు ఫోన్ చేసినా షాండన్ గంటలే.